ఫైబర్ బాడీ డాల్ఫిన్‌కి ఇంట్లోనే వైరింగ్: మొత్తం మార్చాలా, అతుకులతో లాగించొచ్చా?

గుణదల_గ్యారేజ్
బండి సిపానీ డాల్ఫిన్. ఈ పేరు వినని కుర్రాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో రిలయంట్ వాళ్ల కిటెన్ అనే చిన్న కారుని 1980ల్లో బెంగళూరులో ఈ పేరుతో చేశారు. 848 సీసీ అల్యూమినియం ఇంజన్, వెనక చక్రాలకి డ్రైవ్, రెండే తలుపులు. కింద ఇనప ఛాసిస్, పైన ఫైబర్ బాడీ. బోల్టులు విప్పితే బాడీ మొత్తం ఊడొస్తుంది. విదేశాల్లో కిట్ కార్లు, అంటే విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకునే కార్లు, కట్టుకునేవాళ్లు చేసే పని దాదాపు ఇదే కాబట్టి ఇక్కడ అడుగుతున్నా.

మా మేనమామ షెడ్డులో టార్పాలిన్ కింద పడున్న బండి. ఆర్సీ ఉంది. ఇంటి వెనక రేకుల షెడ్డులో బాడీ విప్పాం, నలుగురం చేతుల మీద లేపి పక్కన పెట్టేశాం. ఛాసిస్‌కి తుప్పు గీకించి పెయింట్ వేయించా. ఇంజన్ స్టార్ట్ అవుతోంది, బ్రేకులు పడుతున్నాయి. బాడీ మళ్లీ ఎక్కించాక మొదలైంది అసలు టెన్షన్.

బ్రేకు తొక్కితే మీటరు లైట్లు వెలుగుతాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక రెండు లైట్లూ కలిసి కన్ను కొడతాయి. హెడ్‌లైట్లు పసుపు నీళ్లలా ఉన్నాయి. పెట్రోలు ముల్లు ఒకసారి ఫుల్, ఇంకోసారి ఎంప్టీ. ఆటోనగర్ నుంచి ఒక ఎలక్ట్రీషియన్‌ని ఇంటికి పిలిపిస్తే అరగంట చూసి "వైరింగ్ మొత్తం షార్టు, కిట్ అంతా మార్చాల్సిందే" అన్నాడు. అంత డబ్బు నేను పెట్టలేను, టైమ్ మాత్రం బోలెడుంది. నేనే మొత్తం చేసుకోవాలా, లేక తప్పు ఎక్కడో పట్టుకుని అక్కడ అతికిస్తే సరిపోతుందా?

బెజవాడ_బోల్టు
బ్రేకు తొక్కితే డ్యాష్‌బోర్డు వెలుగుతోందా! ఆ ఫీచర్ కోసం ఇప్పుడు టాప్ మోడల్ కొనాలి అన్నా.

లూకాస్_బాబాయ్
షార్టు కాదయ్యా. షార్టు అయితే ఫ్యూజు ఎగిరిపోవాలి, లేదా వైరు పొగ రావాలి. నీది ఎర్త్ లేకపోవడం, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగెళ్లే దారి లేకపోవడం.

రేకు బాడీ ఉన్న బండికి బాడీయే ఎర్త్. అంబాసిడర్‌లో టెయిల్‌ల్యాంప్‌ని స్క్రూతో బిగిస్తే ఆ స్క్రూలోంచే కరెంటు బ్యాటరీకి వెనక్కి పోతుంది. ఫైబర్‌లో స్క్రూ ఎంత బిగించినా అది గోడకి మేకు కొట్టినట్టే. కాబట్టి ఇలాంటి బండిలో ప్రతి దీపానికీ, ప్రతి మీటరుకీ, హారన్‌కీ, వైపర్ మోటారుకీ, చివరికి పెట్రోలు ట్యాంకులో ఉండే ఫ్లోటు యూనిట్‌కీ విడిగా ఒక ఎర్త్ వైరు ఛాసిస్ దాకా లాగి ఉండాలి.

ఇప్పుడు నీ బ్రేకు లైటు సంగతి. వెనక బల్బు తీసి చేతిలో పట్టుకుని చూడు. అడుగున సీసం చుక్కలు రెండు, చుట్టూ ఇత్తడి ఒళ్లు. ఒక చుక్క బ్రేకుది, 21 వాట్లు. రెండోది పార్కింగ్‌ది, 5 వాట్లు. రెండు ఫిలమెంట్లకీ ఆ ఇత్తడి ఒళ్లే ఎర్త్. దానికి ఎర్త్ తెగిపోతే, బ్రేకు తొక్కినప్పుడు 21 వాట్ల ఫిలమెంట్లోకి వచ్చిన కరెంటు బయటికి పోలేక పక్కనున్న 5 వాట్ల ఫిలమెంట్లోకి దూరుతుంది. అక్కణ్నుంచి పార్కింగ్ వైర్లో ఎదురీదుకుంటూ మీటరు లైట్ల దగ్గరికి వచ్చి, అక్కడ ఎర్త్ దొరికితే దిగిపోతుంది. నీకు మీటరు లైట్లు వెలిగేది అందుకే. ఇండికేటర్ గోల కూడా ఇదే కథ.

పెట్రోలు ముల్లు వేరే. ఆ కాలం బళ్లలో మీటర్ల వెనక వేలెడంత డబ్బా ఉంటుంది, వోల్టేజ్ స్టెబిలైజరు. 12 వోల్టుల్ని సగటున 10కి తగ్గించి మీటర్లకి ఇస్తుంది. దాని ఒంటికి ఎర్త్ అందకపోతే పూర్తి వోల్టేజీ వదిలేస్తుంది, ముల్లు ఎక్కువ చూపిస్తుంది. ట్యాంకు యూనిట్‌కి ఎర్త్ పోతే ఖాళీ అని చూపిస్తుంది. నీకు రెండూ వస్తున్నాయంటే రెండు చోట్లా లూజే.

గుణదల_గ్యారేజ్
బాబాయ్, పెయింట్! ఛాసిస్‌కి పెయింట్ వేయించాక ఎర్త్ బోల్టులన్నీ ఆ పెయింట్ మీదే బిగించారు.

లూకాస్_బాబాయ్
ఇంకేం. గీకు.

గుంటూరు_గేర్‌బాక్స్
బాబాయ్ చెప్పింది నిజమే కానీ నలభై ఏళ్ల వైర్లకి ఎర్త్ ఒక్కటీ సరిచేస్తే ఏం లాభం? మారుతి 800 పాత వైరింగ్ కిట్ ఒకటి మంచిది చూసి కొని అదే వేసేయ్. ఫ్యూజు బాక్సు, కప్లర్లు, రిలేలు అన్నీ అందులోనే వస్తాయి. మా అరండల్‌పేటలో ఒకాయన తన పాత బగ్గీ కారుకి ఇలాగే చేశాడు, బ్రహ్మాండంగా తిరుగుతోంది.

ఆటోనగర్_అబ్బులు
800 కిట్ అంటే ముందు ఇంజన్, ముందు చక్రాల డ్రైవ్ బండిది. డాల్ఫిన్‌లో ఆల్టర్నేటర్ ఎటుందో, సెల్ఫ్ మోటార్ ఎటుందో చూసుకోవాలిగా. సగం వైర్లు పొడుగు చాలవు, మిగతా సగం చుట్టచుట్టి డ్యాష్ కింద కుక్కాలి. పైగా 800ది రేకు బాడీ. ఆ కిట్‌లో ఎర్త్ వైర్లు చాలా తక్కువ, మనక్కావాల్సింది అవే. ఫ్యూజు బాక్సు ఒక్కటీ తీసుకో, మిగతాది వదిలేయ్.

ఇంకోటి. ఆటోనగర్ వాళ్లంతా ఒకటే అనుకోకండి. ఆయన ఎవరో అరగంటలో కిట్ మార్చమన్నాడు కానీ, టెస్ట్ ల్యాంపు పట్టుకుని వైరు వైరూ వెతికే ముసలాళ్లు ఇంకా ఉన్నారు. ఫైబర్ బండి చూసి వాళ్లకీ చాలా ఏళ్లయి ఉంటుంది, అంతే.

గుంటూరు_గేర్‌బాక్స్
సరే, పాయింటే. అయినా ఆ బగ్గీ తిరుగుతోందిగా!

ఆటోనగర్_అబ్బులు
రాత్రిపూట తిరుగుతోందా, పగలే తిరుగుతోందా కనుక్కో అన్నా.

సింగ్‌నగర్_ఓమ్నీ
పాత వైరు ఉంచాలా తీసెయ్యాలా అన్నదానికి నా దగ్గర ఒక చిట్కా ఉంది, డబ్బు పోసి నేర్చుకున్నది. 2024 సెప్టెంబరులో బెజవాడకి బుడమేరు వాగు వరద వచ్చినప్పుడు మా ఓమ్నీ సీట్ల పై దాకా మునిగింది. నీళ్లు దిగాక కడిగి, ఆరబెట్టి, బ్యాటరీ మారిస్తే స్టార్టయింది. అందరం సంబరపడ్డాం. సంక్రాంతి దాటాక ఒక్కొక్కటే చచ్చిపోవడం మొదలైంది. ముందు హారన్, తర్వాత రేడియేటర్ ఫ్యాను.

కప్లర్లు విప్పితే పిన్నుల మీద పచ్చగా చిలుము. అది గీకితే పోతుందనుకున్నా. వైరు పై తొడుగు కాస్త ఒలిచి చూస్తే లోపల రాగి పోగులు నల్లగా బొగ్గులా ఉన్నాయి. నీళ్లు పోగుల మధ్యలోంచి లోపలికి పాకేస్తాయి. కొన్నిచోట్ల జానెడు కోస్తేనే మెరిసే రాగి కనిపించింది, కొన్నిచోట్ల మూరెడు కోసినా నలుపే.

కాబట్టి గుణదల తమ్ముడూ, ప్రతి వైరూ చివర అంగుళం ఒలిచి చూడు. రాగి ఎర్రగా మెరిస్తే ఉంచు. నల్లబడితే ఆ వైరు మొత్తం మార్చు, అతుకు పెట్టొద్దు.

బెజవాడ_బోల్టు
మా ఇంట్లో అయితే వరద అక్కర్లేదు, ఎలుకలు చాలు. అవి పైతొడుగు మాత్రమే తింటాయి, రాగి మనకి వదిలేస్తాయి. మర్యాద తెలిసినవి.

టీవీరిపేర్_మాస్టారు
అతుకు అంటే మెలిపెట్టి టేపు చుట్టడం అనుకుంటే తప్పే. శుభ్రంగా సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవు వేస్తే అతుకు వైరు కంటే గట్టిగా ఉంటుంది. నేను ముప్పై ఏళ్లుగా సోల్డరింగే చేస్తున్నా, ఊడిన జాయింటు చూడలేదు.

లూకాస్_బాబాయ్
మాస్టారూ, మీ టీవీ టేబుల్ మీద కదలకుండా కూర్చుంటుంది. బండి అలా కాదు. సీసం కరిగి పోగుల మధ్యలోంచి తొడుగు లోపలికి పాకుతుంది, అక్కడిదాకా వైరు పుల్లలా బిగుసుకుపోతుంది. మెత్తటి వైరూ బిరుసు వైరూ కలిసే చోట అదురుకి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. కార్ల కంపెనీలు వైరింగ్ కిట్లలో కొసలన్నీ క్రింప్ చేసేది, అంటే లోహపు లగ్గులో పెట్టి నొక్కి బిగించేది, అందుకే.

టీవీరిపేర్_మాస్టారు
ఒప్పుకుంటా, కానీ మనవాళ్లు క్రింపింగ్ అంటే పట్టకారుతో ఒక నొక్కు నొక్కడం. దానికంటే నా సోల్డర్ వెయ్యి రెట్లు మేలు.

ఆటోనగర్_అబ్బులు
ఇద్దరూ కరెక్టే. సరైన పళ్లున్న క్రింపింగ్ ప్లయర్ కొనుక్కోవాలి, వైరు సైజుకి తగ్గ లగ్గు వాడాలి. క్రింప్ చేశాక వైరు పట్టుకుని గట్టిగా లాగి చూడాలి. ఊడొస్తే మంచిదే, ఇప్పుడే ఊడింది.

వైరు సైజులు నేను వాడేవి: ఇండికేటర్లు, టెయిల్ లైట్లు, మీటర్లకి 1 చదరపు మిల్లీమీటరు. హెడ్‌లైట్లకి 2.5. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి 6. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కి 25 తగ్గకూడదు, ఎర్త్ కేబుల్ కూడా అంతే. చాలామంది ప్లస్ వైపు లావుది వేసి ఎర్త్ వైపు సన్నది వేస్తారు. వెళ్లిన కరెంటంతా తిరిగి రావాలి కదా!

గవర్నర్‌పేటలో దొరికే హౌస్ వైరు మాత్రం ఇంజన్ దగ్గర వాడొద్దు. దాని తొడుగు 70 డిగ్రీల దాకానే. మన మే నెలలో నీడలోనే 45 ఉంటుంది, బానెట్ కింద సంగతి చెప్పక్కర్లేదు. ఆటో వైరు 105 డిగ్రీలది అని అడిగి తీసుకో.

జీపు_రాజు
ఎర్త్ మీద నాదో ముక్క. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి ఉండాలి. మా మహీంద్రా జీపుకి గేర్‌బాక్సు దింపినప్పుడు ఆ పట్టీ మళ్లీ బిగించకుండా వదిలేశారు. పొద్దున్నే సెల్ఫ్ కొడితే గుర్రుమని మూలుగు, చోక్ కేబుల్ దగ్గర పొగ. సెల్ఫ్ మోటార్ కరెంటంతా ఆ సన్నటి చోక్ కేబుల్లోంచి వెనక్కి రావాలని చూసిందన్నమాట. కేబుల్ పైన ప్లాస్టిక్ కరిగి చేతికి అంటుకుంది.

గుణదల_గ్యారేజ్
పట్టీ ఉంది రాజు గారూ, పెయింట్ మీద ఉంది.

బెజవాడ_బోల్టు
ఈ పెయింటర్‌కి సన్మానం చెయ్యాలి.

కొత్తకారు_కోటి
ఎవరూ అనట్లేదు కాబట్టి నేనంటా. ఈ డబ్బుతో పాత ఆల్టో వచ్చేస్తుంది. డాల్ఫిన్‌కి అద్దం పగిలితే ఎక్కడ తెస్తావు? గేర్‌బాక్సు పళ్లు పోతే? ఎగ్జిబిషన్‌కి తప్ప పనికిరాదు.

గుంటూరు_గేర్‌బాక్స్
ఆల్టో గురించి ఇన్ని పోస్టులు పడతాయా కోటీ?

కొత్తకారు_కోటి
పడవు. పడక్కర్లేదు కాబట్టి. అదే నేను చెప్పేది.

రూల్‌బుక్_రావు
కిట్ కారు అనే మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఇంగ్లండ్‌లో లోటస్ సెవెన్ లాంటి కార్లని విడిభాగాల పెట్టెగా అమ్మేవాళ్లు, కొన్నవాళ్లు ఇంట్లో బిగించుకునేవాళ్లు. అలా కొంటే అప్పటి కొనుగోలు పన్ను తప్పేది. 1973లో వ్యాట్ వచ్చాక ఆ వెసులుబాటు పోయింది, సరదా మాత్రం మిగిలింది. అక్కడ ఇంట్లో కట్టిన కారుని పరీక్ష చేసి రోడ్డెక్కనిచ్చే పద్ధతి ఉంది. మన దగ్గర ఆ దారి లేదు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అందువల్ల జీపు ఛాసిస్ మీద స్పోర్ట్స్ బాడీ దించుదాం అనుకునేవాళ్లు ఆలోచించుకోండి. గుణదల గారిది అదే ఛాసిస్, అదే బాడీ, అదే ఇంజన్ కాబట్టి ఇబ్బంది లేదు. వైర్లు మార్చడం ఆర్సీలో రాసే విషయం కాదు. రంగు మారిస్తే మాత్రం ఆర్సీలో ఎక్కించాలి.

రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు దాటింది కాబట్టి ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది, అది చూసుకోండి. పాతకాలపు బళ్లకి ప్రత్యేక నంబరిచ్చే వింటేజ్ రూల్ 2021లో వచ్చింది, అది మీకు పనికిరాదు. దానికి 50 ఏళ్లు నిండాలి, పైగా ఆ నంబరుతో రోజూ తిరగడానికి లేదు.

జీపు_రాజు
రావు గారు వచ్చారంటే నా ప్రాజెక్టు ఒకటి షెడ్డులోకి వెళ్లిపోతుంది.

గుణదల_గ్యారేజ్
ఆదివారం మీటరు పట్టుకుని కూర్చున్నా. లైట్లు వేసి, మల్టీమీటర్ నల్ల పిన్ను బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర పిన్ను టెయిల్‌ల్యాంప్ ఎర్త్ దగ్గర. 3 వోల్టుల పైన చూపిస్తోంది! ఎంత ఉండాలి?

లూకాస్_బాబాయ్
0.2 దాటకూడదు. నీ దీపానికి రావాల్సిన దాంట్లో నాలుగో వంతు ఎర్త్ దారిలోనే కరిగిపోతోంది. దీపం వెలుగు వోల్టేజీతో పాటు సమానంగా తగ్గదు. పదోవంతు తగ్గితేనే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది.

ఆటోనగర్_అబ్బులు
హెడ్‌లైట్లకి ఎర్త్‌తో పాటు రిలే కూడా పెట్టు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్. 60 వాట్ల దీపాలు రెండంటే 10 ఆంపియర్లు. అదంతా బ్యాటరీ నుంచి డ్యాష్‌లో స్విచ్‌కి, అక్కణ్నుంచి డిప్పర్‌కి, మళ్లీ ముందుకి ప్రయాణం చేస్తోంది. నలభై ఏళ్ల స్విచ్ పాయింట్లు అంత లోడు మొయ్యలేవు. రిలే మీద నంబర్లుంటాయి: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా, 87 నుంచి దీపానికి, 86కి డిప్పర్ నుంచి వచ్చే వైరు, 85 ఎర్త్. హై బీమ్‌కి ఒక రిలే, లో బీమ్‌కి ఒకటి. పాత స్విచ్ కేవలం రిలేని లేపుతుంది.

ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టు. అది కాపాడేది వైరుని, బల్బుని కాదు. ఫైబర్ బండి కాబట్టి మరీ జాగ్రత్త, రేకు కాలదు, ఫైబర్ అంటుకుంటుంది.

గుణదల_గ్యారేజ్
ఇంకో డౌటు. ఛాసిస్‌నే ఎర్త్‌గా నమ్మాలా, లేక బ్యాటరీ మైనస్ నుంచి విడిగా ఎర్త్ లైను మొత్తం బండికి లాగాలా?

గుంటూరు_గేర్‌బాక్స్
ఛాసిస్ చాలు. రిలయంట్ వాళ్లు ఆ మాత్రం ఆలోచించే చేసి ఉంటారు.

లూకాస్_బాబాయ్
ఈ ఒక్క విషయంలో గుంటూరుతో నాకు కుదరదు. ఛాసిస్‌ని నమ్ముకుంటే పది చోట్ల పది బోల్టులు, పది చోట్లా తుప్పు. నేనైతే మూడు చోట్ల ఇత్తడి ఎర్త్ పట్టీలు పెడతా: డ్యాష్ వెనక ఒకటి, ముందు దీపాల దగ్గర ఒకటి, డిక్కీలో ఒకటి. దగ్గర్లో ఉన్నవన్నీ ఆ పట్టీకే. పట్టీ నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు నేరుగా బ్యాటరీ మైనస్‌కి. ఛాసిస్‌కీ ఇంజన్‌కీ సెల్ఫ్ కోసం లావు కేబుల్ వేరే. రేపు ఏదైనా వెలగకపోతే చూడాల్సింది మూడే చోట్లు. ఎర్త్ వైర్లన్నీ నలుపే వాడు, ఇంకెక్కడా నలుపు వాడకు.

సింగ్‌నగర్_ఓమ్నీ
బిగించాక పట్టీల మీద వ్యాసలిన్ రాయి. మన ఊళ్లో వానాకాలం తేమకి చిలుము ఊరికే పడుతుంది.

గుణదల_గ్యారేజ్
పట్టీలకే ఓటు. ఈలోగా చిన్న పక్క పని: కుడి వీల్ ఆర్చ్ దగ్గర బాడీ జానెడు పగిలింది. రెజిన్, మ్యాట్ తెచ్చా. కలిపి రాసేలోపు డబ్బాలోనే గడ్డకట్టింది.

పడవల_పాపారావు
మేం పడవలకి ఇదే పని చేస్తాం. ఎండలో హార్డెనర్ తగ్గించాలి. చలికాలం 2 శాతం వేసేది ఇప్పుడు 1 చాలు. పొద్దున ఎండ ఎక్కకముందే చెయ్యి, కొంచెం కొంచెం కలుపుకో. పగులు లోపలి వైపు నుంచి మ్యాట్ వెయ్యి, చుట్టూ నాలుగు వేళ్ల మేర గరుకు కాగితంతో రుద్ది పెయింటూ గ్రీజూ లేకుండా చెయ్యి.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో బాబూ. కోబాల్టూ (రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే మందు) హార్డెనరూ నేరుగా కలపకూడదు, మంట లేస్తుంది, పేలుతుంది. ముందు రెజిన్‌లో కోబాల్టు బాగా కలపాలి, ఆ తర్వాతే హార్డెనర్. రెండు సీసాలూ పక్కపక్కన కూడా పెట్టం మేము.

బెజవాడ_బోల్టు
వైరింగ్ త్రెడ్‌లో బాంబు తయారీ కూడా వచ్చేసింది. మోడరేటర్ గారు ఎక్కడ?

గుణదల_గ్యారేజ్
అప్‌డేట్. పాత వైర్లు ఒలిచి చూస్తే డ్యాష్ వెనకవి ఎర్రగానే ఉన్నాయి, అవి ఉంచా. ఇంజన్ బే, డిక్కీ వైపువి నల్లబడ్డాయి, మొత్తం పీకేశా. అంటే మొదట అడిగిన దానికి జవాబు సగం సగం. ఎర్త్ మాత్రం కొత్తగా మొత్తం లాగా, మూడు పట్టీలు, అన్నీ నల్ల వైర్లే. ఛాసిస్ మీద ఎర్త్ బోల్టుల చోట పెయింట్ రాగి వాషరంత గుండ్రంగా గీకి, బిగించి, పైన వ్యాసలిన్.

టెయిల్‌ల్యాంప్ ఎర్త్ దగ్గర ఇప్పుడు 0.1 లోపే. బ్రేకు తొక్కితే బ్రేకు లైటే వెలుగుతోంది. రిలేలు పెట్టాక హెడ్‌లైట్లు ఎదురింటి రెండో అంతస్తు దాకా పడితే పెద్దావిడ కిటికీ తెరిచి "దొంగలా?" అని అరిచింది. ఆ ఫోకస్ కిందకి దించాలి. పెట్రోలు ముల్లు నిలకడగా పావు దగ్గర ఆగింది, ట్యాంకులో కూడా అంతే ఉంది.

వైపర్ ఒకటే మొండికేస్తోంది. తిరుగుతుంది కానీ స్విచ్ ఆపితే అద్దం మధ్యలోనే ఆగిపోతోంది.

లూకాస్_బాబాయ్
ఇది ఎర్త్ కాదు. మోటారు మూత కింద పార్కింగ్ స్విచ్ ఉంటుంది, చిన్న ఇత్తడి నాలుక. దానికో విడి వైరు ఎప్పుడూ ప్లస్ ఉండాలి, ఇగ్నిషన్ మీదుగా. ఆ వైరు వస్తోందా చూడు. వస్తుంటే మూత తీసి నాలుక మీద గ్రీజు ఎండిందేమో పెట్రోలుతో కడుగు.

గుంటూరు_గేర్‌బాక్స్
లేదా మారుతి 800 వైపర్ మోటారు వేసేయ్.

ఆటోనగర్_అబ్బులు
అన్నా!

జీపు_రాజు
అబ్బులూ, ఆ క్రింపింగ్ ప్లయర్ ఏ షాపులో తీసుకున్నావో మెసేజ్ పెట్టు. ఈ వారం బెజవాడ వస్తున్నా.